ఓడిపోతున్న టీముకి వైద్యం: బాస్కెట్‌బాల్ జీఎం లీగులో సమస్యలు - పరిష్కారాలు

బెంగళూరులో మారతహళ్ళి, కుందలహళ్ళి, బీటీఎం వైపు పీజీల్లోనూ ఫ్లాట్లలోనూ ఉండే తెలుగువాళ్ళం కొందరం కలిసి బాస్కెట్‌బాల్ జీఎంలో ఒక లీగు నడుపుకుంటున్నాం. జెరెమీ షెఫ్ 2013లో విడుదల చేసిన ఉచిత బ్రౌజర్ ఆట ఇది. జీఎం అంటే జనరల్ మేనేజర్, టీముని నడిపేవాడు. ముప్పై టీములు, ఒక్కో టీముకి సీజన్‌లో 82 మ్యాచ్‌లు. మ్యాచ్ మనం ఆడం, కంప్యూటరే ఆడిస్తుంది. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని పంపాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నదే మన పని. లీగు ఫైలు కమిషనర్ దగ్గర, అంటే మా లీగుని నడిపే అతని దగ్గర ఉంటుంది. శుక్రవారం రాత్రి అతను సిమ్ నడుపుతాడు, అంటే మ్యాచ్‌లు కంప్యూటర్‌చేత ఆడిస్తాడు. శనివారం పొద్దున్నకల్లా వాట్సాప్ గ్రూపులో మొదలవుతుంది: "అన్నా, స్టార్ ఉన్నాడు, అయినా పద్నాలుగో ప్లేసు. ఏం చెయ్యాలి?"

ఓడిపోయే టీముల్లో ఎక్కువసార్లు కనిపించే జబ్బు ఒకటే. ఆటగాళ్ళ వయసు ఒక సంవత్సరానికి సరిపోతుంది, కాంట్రాక్టులు ఇంకో సంవత్సరానికి, చేతిలో ఉన్న డ్రాఫ్ట్ పిక్కులు (ఏటా వచ్చే కొత్త కుర్రాళ్ళని వరస ప్రకారం ఎంచుకునే హక్కులు) మరో సంవత్సరానికి. ఈ మూడింటినీ ఒకే సంవత్సరానికి తేవడమే అసలు వైద్యం. కింద చెప్పేవన్నీ చాలావరకు దానికోసమే. అయితే దానికంటే ముందు, టీముకి నిజంగా జబ్బు ఉందో లేదో చూసుకోవాలి.

లక్షణం: రోస్టరు (ఆటగాళ్ళ జాబితా) బాగుంది, స్టాండింగ్స్‌లో (స్థానాల పట్టికలో) మాత్రం కింద ఉన్నాం

గెలుపోటముల లెక్క పక్కన పెట్టి, ఒక్కో మ్యాచ్‌కి సగటున ఎన్ని పాయింట్ల తేడా వస్తోందో చూడండి. 82 మ్యాచ్‌ల సీజన్‌లో సగటు తేడా ఒక పాయింటు పెరిగితే దాదాపు రెండున్నర గెలుపులు పెరుగుతాయి. అంటే సగటున రెండు పాయింట్లు పైన ఉన్న టీము 46 గెలుపుల దగ్గర ఉండాలి. తేడా ప్లస్ రెండు ఉండి, రికార్డు 18-22 (18 గెలుపులు, 22 ఓటములు) ఉందంటే దగ్గరి మ్యాచ్‌లు చేజారిపోయాయి, అంతే. దగ్గరి మ్యాచ్‌లలో అదృష్టం పాలు చాలా ఎక్కువ. ఆ టీముని ముట్టుకోకండి. మిగతా సగం సీజన్‌లో అదే సర్దుకుంటుంది. ఈ పరిస్థితిలో కంగారుపడి చేసిన ట్రేడ్లే (వేరే టీములతో ఆటగాళ్ళ మార్పిడులే) తర్వాత మూడేళ్ళు ఏడిపిస్తాయి.

తేడా కూడా మైనస్‌లో ఉంటే రోస్టరు పేజీ తెరవండి. ఆటగాళ్ళ వరసని ఒక్కసారి చేత్తో జరిపినా ఆటో సార్ట్ (ఆటే వాళ్ళని వరసలో పెట్టడం) ఆగిపోతుంది. ఆ తర్వాత ట్రేడ్‌లో వచ్చిన మంచివాడు జాబితా అడుగున కూర్చుంటాడు. మొదటి ఐదుగురే స్టార్టర్లు కాబట్టి అతనికి దక్కాల్సిన నిమిషాలు ఇంకెవరికో పోతాయి. మా లీగులో నెల్లూరు తమ్ముడొకడు కోచింగ్ బడ్జెట్ పెంచాడు, ఇద్దరిని మార్చాడు, పిక్కు ఇచ్చేద్దామని కూడా బేరం మొదలుపెట్టాడు. చూస్తే అతని టీములో రెండో అత్యుత్తమ ఆటగాడు పదకొండో వరసలో ఉన్నాడు. ఆటో సార్ట్ మళ్ళీ ఆన్ చేస్తే సరిపోయింది. ఆటగాడి పేరు పక్కన ఉండే, అతని నిమిషాలు పెంచే, తగ్గించే ప్లస్, మైనస్ గుర్తులు కూడా చూడండి. గాయం నుంచి కోలుకుంటున్నవాడికి ఎప్పుడో పెట్టిన మైనస్ అలాగే ఉండిపోతుంది.

లక్షణం: ఒక పెద్ద స్టార్ ఉన్నాడు, గెలుపుల్లేవు

ఈ ఆటలో టీము రేటింగు పదిమంది ఆటగాళ్ళమీద లెక్కకట్టేది. పదిమందికీ సమాన విలువ ఉండదు. అందరికంటే మెరుగైనవాడికి ఉన్న బరువు పదోవాడి బరువుకి ఐదు రెట్లకు పైనే. అందుకే 70 రేటింగువాడిని ఇచ్చి ముగ్గురు 57లను తెచ్చుకోవడం దాదాపు ఎప్పుడూ నష్టమే. స్టార్‌ని అమ్మాలన్న ఆలోచన ముందు వదిలేయండి.

చూడాల్సింది అతని పక్కనున్న నలుగురిని. ఆటగాళ్ళ పేర్ల దగ్గర చిన్న అక్షరాలు ఉంటాయి: త్రీ పాయింట్ షూటర్, బాల్ హ్యాండ్లర్, పాసర్, రీబౌండర్, లోపల కాచుకునేవాడు, బయట కాచుకునేవాడు, ఇలా. ఇవి కలిసినప్పుడు అదనపు లాభం వస్తుంది. ఒక్క షూటర్‌తో పెద్దగా మారదు. ఇద్దరు ముగ్గురు చేరినప్పుడే తేడా తెలుస్తుంది. ఐదుగురూ పోస్టులో, అంటే బుట్ట దగ్గరే స్కోర్ చేసేవాళ్ళు అయితే రేటింగు చూపినంత ఫలితం రాదు. కాబట్టి 52 రేటింగు ఉండి ఏ గుర్తూ లేనివాడికన్నా 50 రేటింగు ఉండి త్రీ గుర్తు ఉన్నవాడు చాలాసార్లు మేలు, అదీ తక్కువ జీతానికి.

నిజం ఆటలోనూ ఇది కళ్ళారా చూశాం. డెట్రాయిట్ పిస్టన్స్ 2023-24లో వరసగా 28 మ్యాచ్‌లు ఓడిపోయింది. ఒకే సీజన్‌లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగు) చరిత్రలో అదే రికార్డు. మొత్తం 14-68. మరుసటి ఏడాది 44-38. మూలస్తంభం కేడ్ కన్నింగ్‌హమ్ రెండు సీజన్లలోనూ ఉన్నాడు. కోచ్‌గా జేబీ బికర్‌స్టాఫ్ వచ్చాడు. చుట్టూ మాలిక్ బీస్లీ, టిమ్ హార్డవే జూనియర్, టోబయాస్ హారిస్ లాంటి అనుభవజ్ఞులు చేరారు. దూరం నుంచి వేయగలవాళ్ళు ఉంటే కన్నింగ్‌హమ్‌కి లోపలికి దూసుకుపోవడానికి చోటు దొరికింది. స్టార్‌ని మార్చలేదు, అతని చుట్టూ మార్చారు. ఉదయం ఆఫీసు క్యాబ్ ఎక్కేముందు ఆ మ్యాచ్‌లు చూసినవాళ్ళకి ఇది బాగా గుర్తుంటుంది.

లక్షణం: ఏటా 36, 38, 40 గెలుపులు. పైకి పోము, కిందకి పడము

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే నొప్పి తెలియదు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అది ఈ టీమే. ప్లేఆఫ్‌లో (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీల్లో) నిలబడే బలం లేదు, మంచి పిక్కు వచ్చేంత ఓటములూ లేవు.

ఇలాంటి రోస్టరు ఒకటి ఊహించుకోండి. అందరికంటే పెద్దవాడికి 33 ఏళ్ళు, రేటింగు 64, మూడేళ్ళ కాంట్రాక్టు మిగిలింది, జీతం ఏడాదికి 3 కోట్ల డాలర్లు. తర్వాతివాడికి 31, రేటింగు 58, ఇంకా రెండేళ్ళు. మూడోవాడికి 24, రేటింగు 57, కాంట్రాక్టు ఈ ఏడాదితో అయిపోతుంది. నాలుగోవాడికి 20, ఇప్పుడు 45, పొటెన్షియల్ (ఎదిగితే చేరగల రేటింగు) 66. వచ్చే ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్కు ఎప్పుడో ఇచ్చేశారు. ఇక్కడ 33 ఏళ్ళవాడు "ఈ ఏడాదే" అంటున్నాడు, 20 ఏళ్ళవాడు "నాలుగేళ్ళ తర్వాత" అంటున్నాడు. వీళ్ళిద్దరూ ఒకే టీములో కలిసి గెలిచే రోజు రాదు.

ఏదో ఒక సంవత్సరాన్ని ఎంచుకోండి. 20 ఏళ్ళవాడు 24కి వచ్చే సంవత్సరం అనుకుంటే, 33 ఏళ్ళవాడిని ఈ సీజన్ ట్రేడ్ గడువులోపే అమ్మాలి. కారణం ఉంది: ఈ ఆటలో ప్లేఆఫ్‌లు అయిపోగానే అందరి రేటింగులూ మారతాయి. ముప్పై దాటినవాళ్ళకి ఆ మార్పు ఎక్కువగా కిందికే. గడువులోపు 64గా అమ్ముడుపోయేవాడు ఆ తర్వాత 60 అయ్యాడంటే, పైగా రెండేళ్ళ జీతం మిగిలి ఉంటే, తీసుకోమని మనమే పిక్కు ఎదురివ్వాల్సి వస్తుంది. అమ్మేటప్పుడు టైటిల్ పోటీలో ఉన్న టీముల తలుపే తట్టండి. పునర్నిర్మాణంలో ఉన్న టీములు, కంప్యూటర్ నడిపేవైనా మనుషులు నడిపేవైనా, పెద్ద వయసువాడికి విలువ ఇవ్వవు. ట్రేడింగ్ బ్లాక్‌లో (అమ్మకానికి ఉన్నవాళ్ళని చూపే పేజీలో) పెట్టి ఆఫర్లు అడిగితే ఎవరికి ఆకలి ఉందో ఒక్క క్లిక్కుతో తెలిసిపోతుంది.

24 ఏళ్ళవాడిని వదలకండి. అతనిది రూకీ కాంట్రాక్టే (డ్రాఫ్ట్‌లో వచ్చినప్పటి మొదటి కాంట్రాక్టే) అయితే, సొంత టీముతో మళ్ళీ కుదుర్చుకోవడానికి ఆటే కొంత మొగ్గు ఇస్తుంది. ఆ మొగ్గు ఒక్కసారే.

ఇదే చోట చాలామంది ఎదురు దారిలో పోతారు: "ఇంకొక్కడొస్తే చాలు" అని భవిష్యత్తు పిక్కులన్నీ ఇచ్చేసి పెద్దపేరు కొంటారు. 2013లో బ్రూక్లిన్ నెట్స్ కెవిన్ గార్నెట్, పాల్ పియర్స్‌ల కోసం బోస్టన్‌కి అలాగే ఇచ్చింది. 2014, 2016, 2018 ఫస్ట్ రౌండ్ పిక్కులు, 2017లో పిక్కులు మార్చుకునే హక్కు. అందులోంచే బోస్టన్‌కి జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ దక్కారు. 2024లో బోస్టన్ టైటిల్ గెలిచినప్పుడు ఆ ఇద్దరే ముందున్నారు. నెట్స్ ఆ పిక్కులు ఇచ్చినప్పుడు గార్నెట్ వయసు 37.

లక్షణం: కావాలని ఓడిపోయినా మొదటి పిక్కు రావట్లేదు

రాకపోవడమే మామూలు. ఎన్‌బీఏ 2019లో లాటరీ (డ్రాఫ్ట్‌లో ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చే చీటీ) మార్చింది. ఆ పద్ధతిలో అట్టడుగు మూడు టీములకీ మొదటి పిక్కు అవకాశం సమానంగా 14 శాతమే. అందరికంటే చివర ఉన్న టీము ఐదో స్థానందాకా జారవచ్చు. పిస్టన్స్ 2023లోనూ 2024లోనూ చివరి స్థానంలో ఉండి, రెండుసార్లూ ఐదో పిక్కే తెచ్చుకుంది. 2025లో 1.8 శాతం అవకాశంతో డాలస్ మొదటి పిక్కు కొట్టి కూపర్ ఫ్లాగ్‌ని తీసుకుంది. మా లీగులో పెట్టుకున్నదీ ఈ లాటరీయే.

అందుకని ఒక్క పిక్కుమీద ఆశపెట్టుకోకండి. చివరినుంచి మూడో స్థానమూ, చివరి స్థానమూ మొదటి పిక్కు విషయంలో ఒకటే. కాబట్టి ఇంకా దిగజారడానికి కుర్రాళ్ళని బెంచీమీద కూర్చోబెట్టడం అనవసరం. ఆ తెలివి వేరే టీముల పిక్కులు సంపాదించడంలో పెట్టండి, ముఖ్యంగా వయసు మీరిన టీములవి, రెండేళ్ళ తర్వాతవి. ఈ ఏడాది గెలుస్తున్న టీము జీఎంకి రెండేళ్ళ తర్వాతి పిక్కు చవగ్గా కనిపిస్తుంది.

పొటెన్షియల్ అంకె విషయంలో ఒక మాట. అది హామీ కాదు, అంచనా. డ్రాఫ్టు కుర్రాళ్ళకి తెరమీద కనిపించే రేటింగులోనే కొంత పొరపాటు కలిపి ఉంటుంది. స్కౌటింగ్ ఖర్చు దాన్ని తగ్గిస్తుంది. 19 ఏళ్ళవాడు ఎటైనా పోవచ్చు. అదే అందం, అదే ప్రమాదం. ఒక్కడు కాకుండా ముగ్గురు నలుగురు ఉంటే ఎవడో ఒకడు నిలబడతాడు.

లక్షణం: క్యాప్ నిండిపోయింది, కదలడానికి చోటు లేదు

మా లీగులో క్యాప్, అంటే టీము మొత్తం జీతాల పరిమితి, 14 కోట్ల డాలర్లు. దాన్ని దాటిన టీము ట్రేడ్‌లో తాను పంపినదానికన్నా ఎక్కువ జీతం తెచ్చుకోలేదు. ఆటగాడిని విడుదల చేస్తే జీతం పోతుందనుకోకండి, కాంట్రాక్టు అయ్యేదాకా పద్దులో ఉంటుంది. చెడ్డ కాంట్రాక్టుని ఈ ఏడాదితో అయిపోయే కాంట్రాక్టుకి మార్చుకోండి, అవసరమైతే సెకండ్ రౌండ్ పిక్కు కలిపి. జీతాల మొత్తం లగ్జరీ ట్యాక్స్ గీత (క్యాప్‌కన్నా పైన ఉండే ఇంకో పరిమితి) దాటితే, దాటిన ప్రతి డాలరుకీ డాలరున్నర కట్టాలి. ఆ లెక్క ప్లేఆఫ్‌ల తర్వాత చూస్తారు కాబట్టి ట్రేడ్ గడువులోపు గీత కిందికి దిగితే ఏడాదంతా పైన ఉన్నా కట్టక్కర్లేదు.

డబ్బు మిగిల్చుకోవాలని కోచింగ్ మాత్రం కోయకండి. కుర్రాళ్ళు ఎదగడంలో దాని పాత్ర ఉంది. ఫెసిలిటీస్ ఖర్చు ఫలితం కనబడటానికి ఏళ్ళు పడుతుంది, ఆటగాళ్ళు మన టీముకి రావడానికి ఒప్పుకోవడంలోనూ దానికి వాటా ఉంది. ఓడిపోయే టీముకి ఎవరూ రామంటుంటే పేరు పక్కన ఉన్న గుణాలు చూడండి: గెలుపు కోరేవాడిని బతిమాలి లాభం లేదు, డబ్బు కోరేవాడు వస్తాడు.

లక్షణం: జీఎం వెళ్ళిపోయాడు, టీము అనాథ అయింది

ఆన్‌సైట్ వెళ్ళారని, పెళ్ళయిందని, ఉద్యోగం మారారని ఏటా ఒకరిద్దరు మానేస్తారు. మానేసేముందు చేసిన ట్రేడ్లే ఆ టీముని ముంచుతాయి. కమిషనర్ పెట్టాల్సిన నియమం ఒకటి ఉంది: రెండేళ్ళకి మించిన భవిష్యత్తు పిక్కు ఎవరూ ఇవ్వకూడదు. మా లీగులో ఇది పెట్టాక కొత్తగా వచ్చినవాళ్ళకి కనీసం మూడో ఏడాది చేతిలో ఉంటోంది. కొత్త జీఎంకి గ్రూపులో ఉన్న అక్కో అన్నో ఒకరు మొదటి సీజన్ తోడుండి, పైన చెప్పిన వయసు, కాంట్రాక్టు, పిక్కుల లెక్క కలిసి చూడాలి. ఇంకొకటి, ఈ లీగు మొత్తం కమిషనర్ బ్రౌజర్‌లోనే దాగి ఉంటుంది. బ్రౌజర్ డేటా తుడిచేస్తే లీగు పోయినట్టే. సిమ్ నడిపిన ప్రతి శుక్రవారమూ ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసి, గ్రూపులో ఇంకొకరి దగ్గర కూడా ఒక కాపీ పెట్టండి.