సంక్షేమ విధానం చదవడం – 4వ పాఠం: దరఖాస్తు ఎక్కడ ఆగింది?

పోయిన పాఠంలో నాలుగు ప్రశ్నలు ఇచ్చాను: ఎవరికి ఇస్తారు, ఏమిస్తారు, ఎవరి చేతుల మీదుగా ఇస్తారు, డబ్బు ఎవరిది. వాటిని పట్టుకుని వృద్ధాప్య పింఛనును విడదీసి రాయమన్నాను. ఈసారి ఆరోగ్య పథకాల్లోకి వెళ్దామనుకున్నాను గానీ, మీ జవాబులు చదివాక మానుకున్నాను. ఇంకో పాఠం పింఛను దగ్గరే కూర్చోవాలి.

ముందు చిన్న తప్పులు. కొందరు ఆంధ్రప్రదేశ్‌లో పింఛను 7,000 అని రాశారు. మీరు చూసింది 2024 జూలై 1 నాటి వార్త. పెంచిన 4,000కి, అంతకు ముందు మూడు నెలల బకాయి నెలకు వెయ్యి చొప్పున కలిపి ఆ రోజు ఇచ్చారు. ఆగస్టు వార్త ఒక్కటి తిరగేసినా తెలిసిపోయేది.

ఇంకొందరు ఇందులో సగం కేంద్రం ఇస్తుందన్నారు. జాతీయ వృద్ధాప్య పింఛను కింద కేంద్రం ఇచ్చేది 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు 200, 80 నిండితే 500. అదీ దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లలో, తాను ఒప్పుకున్న సంఖ్య వరకే. 4,000లో 200 అంటే ఇరవయ్యో వంతు. తెలంగాణలో ఆసరా పేరుతో ఇచ్చే పింఛను 2,016లో అయితే దాదాపు పదో వంతు. మిగిలిందంతా రాష్ట్ర ఖజానా నుంచే రావాలి. కేంద్రం ఇచ్చే ఆ 200 పదిహేనేళ్లు దాటినా కదల్లేదు.

ఇవి దిద్దుకుంటే పోయే తప్పులు. నాకు చిరాకు తెప్పించింది వేరే. ‘అర్హులకు పింఛను ఎందుకు అందడం లేదు’ అన్న చోట దాదాపు అందరూ ఒకే మాట రాశారు: ప్రజల్లో అవగాహన లోపం.

కాసేపు ఈ మాట సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను నెల మొదట్లో ఇంటి దగ్గరికే వస్తుంది. మొదట ప్రభుత్వం పెట్టిన ఊరి వాలంటీర్లు తెచ్చారు, ఇప్పుడు గ్రామ, వార్డు సచివాలయం (ఊళ్లోనే ఉండే ప్రభుత్వ ఆఫీసు) సిబ్బంది తెస్తున్నారు. ఎవరికి ఎంత వస్తుందో, ఏ నెల ఎవరిది ఆగిందో, రచ్చబండ మీద కూర్చున్న ఏ ముసలాయన్ని అడిగినా వేళ్ల మీద లెక్క చెప్తాడు. పింఛను గురించి ఎవరికైనా అవగాహన లేదంటే అది ఫీల్డ్‌వర్క్‌కి వెళ్లిన మనకే.

నేను చూసిన ఒక కేసు చెప్తాను. డెబ్బై దాటిన మామ్మగారికి పింఛను ఆగింది. మా విద్యార్థిని వెళ్లి మాట్లాడి, నోట్‌బుక్‌లో ‘అవగాహన లేదు’ అని రాసుకొచ్చింది. మర్నాడు ఇద్దరం కలిసి వెళ్లాం. మామ్మగారు గోడ మేకుకి తగిలించిన సంచి దించి, అందులోని ప్లాస్టిక్ కవర్ విప్పి, కాగితాలు ఒక్కొక్కటే చాప మీద పెట్టారు. ఆధార్ జిరాక్సులు నాలుగు, రేషన్ కార్డు, పాస్‌బుక్, మూడు రసీదులు, అడుగున ఒక కరెంటు బిల్లు.

“ఇదిగోనమ్మా, మూడొందల యూనిట్లు దాటిందంట. ఈ మీటరు నాది కాదు” అన్నారు.

నిజమే. బిల్లు మీద పేరు వేరేవాళ్లది. ఆ మీటరుకు ఎక్కిన ఆధార్ నంబరు మాత్రం ఈవిడది. దాని కింద రెండు పోర్షన్లు, ఒక ఏసీ నడుస్తున్నాయి. సచివాలయంలో అడిగితే కరెంటు ఆఫీసుకి వెళ్లమన్నారు, కరెంటు ఆఫీసులో అడిగితే సచివాలయానికే వెళ్లమన్నారు. మూడు రసీదులూ ఆ తిరుగుడువే. ఎన్ని యూనిట్లు దాటితే పింఛను పోతుందో ఆవిడకి తెలుసు. మా అమ్మాయికి తెలియదు. నిజం చెప్పాలంటే, ఆ రోజు వరకు నాకూ అంత ఖచ్చితంగా తెలియదు.

ఈ ‘300 యూనిట్లు’ 2019 డిసెంబరులో ఇచ్చిన అర్హత నిబంధనల్లోది. సచివాలయాల్లో దీన్ని సిక్స్ స్టెప్ వాలిడేషన్, అంటే ఆరంచెల తనిఖీ, అంటారు: భూమి, కారు, కరెంటు, ఆదాయపు పన్ను, ప్రభుత్వ ఉద్యోగం, పట్టణంలో ఇంటి విస్తీర్ణం. వీటికి ముందు ఆదాయ పరిమితి ఎలాగూ ఉంది. మీలో చాలామంది ఆ నిబంధనలున్న జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) మొదటి పేజీ చదివి ఆపేశారు. నేనైతే జీవోని వెనక నుంచి చదువుతాను. మొదటి పేజీలో ఉద్దేశాలుంటాయి, ఎవరిని తీసేయాలో అనుబంధంలో ఉంటుంది.

అక్కడ గమనించాల్సింది ఒకటుంది. వయసు మనిషిది, పరీక్ష మాత్రం ఇంటిది. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ పన్ను కడుతుంటే, తల్లి చేతికి అందులో రూపాయి రాకపోయినా, ఇద్దరూ ఒకే రేషన్ కార్డులో ఉంటే ఆమె అర్హత పోతుంది. కార్డు విడగొట్టమని ఊళ్లో అందరూ ఎందుకు తిరుగుతారో ఇప్పుడు తెలిసిందా? ‘ఎవరికి ఇస్తారు’ అన్న ప్రశ్నకు ‘60 నిండినవారికి’ అని ఒక్క ముక్కలో రాసేస్తే ఇదంతా కనపడదు.

కాబట్టి ఇకనుంచి అడగాల్సింది ఇది: దరఖాస్తు ఆగింది నిబంధన దగ్గరా, రికార్డు దగ్గరా? మామ్మగారిది రికార్డు తప్పు. మీటరుకు ఉన్న ఆధార్ తీయించి, మళ్లీ పరిశీలన చేయించాలి. అది కేస్‌వర్క్, అంటే ఒక్క మనిషి కోసం వెంటపడితే అయ్యే పని. పన్ను కట్టే కొడుకున్న తల్లిది రికార్డు తప్పు కాదు, నిబంధనే అలా ఉంది. ఆమె కోసం ఎన్నిసార్లు ఆఫీసుకి తిరిగినా లాభం లేదు. అలాంటి తల్లులు మండలంలో ఎంతమంది ఉన్నారో లెక్క తీసి నిబంధన మార్చమని అడగాలి. ‘అవగాహన లోపం’ అని రాస్తే ఈ రెండూ ఒకే ముద్దలో కలిసిపోతాయి. ఇక మిగిలేది ఫ్లెక్సీ, ర్యాలీ, వీధి నాటకం, రిపోర్టులో గ్రూపు ఫోటో. అన్నట్టు, ఆ కారణం రాస్తే ఏ ఆఫీసులోనూ ఎవరూ అభ్యంతరం చెప్పరు. అందుకే నాకు దాని మీద అనుమానం.

ఆ మాట ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. జాతీయ కుటుంబ ప్రయోజన పథకం ఉంది. పేద కుటుంబంలో సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏళ్ల లోపు చనిపోతే ఒకసారి 20,000 ఇస్తారు. దాని పేరు చెప్తే మీ క్లాసులోనే సగం మంది మొహమొహాలు చూసుకుంటారు. అలాంటి చోట రాయండి. రాసినా, ‘ప్రజలకు తెలియదు’ అని వదిలేయకుండా, మరణ ధ్రువపత్రం ఇచ్చిన రోజున ఆ కౌంటర్లో ఎవరు చెప్పి ఉండాల్సిందో కూడా రాయండి.

రేషన్‌కీ పింఛనుకీ తేడా అడిగారు, క్లుప్తంగా చెప్తాను. రేషన్ వెనక 2013 ఆహార భద్రత చట్టం ఉంది. ధాన్యం ఇవ్వకపోతే బదులు భత్యం ఇవ్వాలని అందులోనే రాసుంది. పింఛనుకు అలాంటి చట్టం లేదు. రాజ్యాంగం 41వ అధికరణంలో వృద్ధాప్యంలో సాయం గురించి ఉంది గానీ అది ఆదేశిక సూత్రం, అంటే ప్రభుత్వానికి దారి చూపేదే తప్ప కోర్టుకెళ్లి అడిగే హక్కు కాదు; అదీ ఆర్థిక స్తోమతకు లోబడి అన్న షరతుతో. జవాబుల్లో ‘పింఛను హక్కు’ అని రాసేవాళ్లు ఇది చూసుకుని రాయండి.

అభ్యాసం. పింఛను ఆగిన ఒక్క మనిషిని కలవండి. ‘మీకు తెలుసా’ అనే ప్రశ్నతో మొదలుపెట్టొద్దు. కాగితాల కవర్ తీయమని అడగండి, తేదీల వరసలో పేర్చండి, ఏ తేదీన ఏ కౌంటర్ దగ్గర ఆగిందో ఒక్క పేజీలో రాయండి. అవగాహన, సాధికారత అనే మాటలు ఆ పేజీలో ఉండకూడదు. ఆధార్ ఫోటో తీయొద్దు, నంబరు రాసుకోవద్దు.

ఓపిక ఉన్నవాళ్లకి ఇంకొకటి. పోయిన ఏడాది మీ మండలంలో తిరస్కరించిన పింఛను దరఖాస్తులెన్ని, ఏ కారణానికి ఎన్ని అని సమాచార హక్కు కింద అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు. జవాబుకి 30 రోజుల గడువుంది. వచ్చే పాఠం అంతకు ముందే వస్తుంది, అయినా దరఖాస్తు ఇప్పుడే పెట్టండి, రసీదు తీసుకోవడం మర్చిపోకండి.