ఉక్కు ముక్కను మైక్రోస్కోప్ కిందికి తీసుకెళ్లే ముందు

మెటలోగ్రఫీ (లోహాల లోపలి నిర్మాణాన్ని మైక్రోస్కోప్‌లో చూసే) ల్యాబ్‌లో పని చెడేది మైక్రోస్కోప్ దగ్గర కాదు, ఎమరీ పేపర్ దగ్గర. హైదరాబాద్‌లో బాలానగర్ మెషిన్ షాపుల వైపు వెళ్తే ఈఎన్8 (మధ్యస్థ కార్బన్ ఉక్కు) రాడ్డు నుంచి సెంటీమీటరు మందం ముక్క కోయించుకోండి. కోస్తున్నంతసేపూ కూలెంట్ పారాలి. వేడెక్కితే లోపలి నిర్మాణమే మారిపోతుంది, తర్వాత ఎంత రుద్దినా లాభం లేదు.

220, 400, 600, 800, 1000 నంబరు పేపర్ల మీద వరసగా, నీళ్లు పోస్తూ రుద్దండి. పేపరు మార్చినప్పుడల్లా ముక్కను 90 డిగ్రీలు తిప్పాలి. అప్పుడే పాత గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. పోకుండా ముందుకెళ్లారా, పాలిషింగ్‌లో దాక్కున్న గీత ఎచింగ్‌లో (నిర్మాణం కనబడేలా ఆమ్లంతో ఉపరితలాన్ని కాస్త కరిగించడంలో) మళ్లీ బయటపడుతుంది. మధ్యలో ముక్కతోపాటు చేతులూ కడగండి. ఒక్క ముతక రేణువు చాలు, పాలిషింగ్ గుడ్డ పాడవడానికి.

గుడ్డ మీద 3 మైక్రాన్ల డైమండ్ పేస్టు, ఆపై 1 మైక్రాన్.

ఎచింగ్‌కు నైటాల్: 98 మి.లీ. ఇథనాల్‌లో 2 మి.లీ. గాఢ నైట్రిక్ ఆమ్లం. ఆమ్లాన్నే ఆల్కహాల్‌లో పోయాలి, అదీ ఫ్యూమ్ హుడ్‌లో, గాగుల్స్, గ్లవ్స్ వేసుకుని. 5 నుంచి 10 సెకన్లలో మెరుపు మసకబారుతుంది. వెంటనే తీసి కడగండి. నల్లబడితే మళ్లీ పాలిషింగే. బోరు నీళ్లు మరకలు వదులుతాయి కాబట్టి చివరగా ఇథనాల్ పోసి వేడిగాలితో ఆరబెట్టండి.

నెమ్మదిగా చల్లారిన ఈఎన్8లో దాదాపు సగం తెల్లని ఫెర్రైట్ (దాదాపు శుద్ధ ఇనుము), సగం నల్లని పెర్లైట్ (ఫెర్రైట్, ఐరన్ కార్బైడ్ పొరలు) కనిపించాలి. సూదుల్లాంటి నిర్మాణం కనబడితే కోతలో వేడెక్కిందేమో, లేదా రాడ్డును ముందే క్వెంచ్ చేశారేమో (వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చారేమో) అనుమానించండి.