ఎక్స్చేంజి పందెం: నీలం గడి, గులాబీ గడి చదవడం ఎలా

మామూలు బుకీ దగ్గర పందెం కాస్తే మీకు ఎదురు నిలబడేది బుకీయే. మీరు ఓడితే వాడికి లాభం, పైగా రేటులో వాడి వాటా ముందే కలిసి ఉంటుంది. ఎక్స్చేంజిలో అలా కాదు. ఇండియా గెలుస్తుందని ఒకరు, గెలవదని ఇంకొకరు కాస్తారు. ఇద్దరి డబ్బూ పట్టుకుని కంపెనీ మధ్యలో కూర్చుంటుంది. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు లెక్కలు రాసేవాణ్ని కనుక నాకిది ఇట్టే ఎక్కింది: సరుకు రైతుది, డబ్బు కొనేవాడిది, ధర పెరిగినా పడినా కొట్టుకు కమీషన్ ఆగదు. 2000లో లండన్‌లో ఆండ్రూ బ్లాక్, ఎడ్వర్డ్ రే మొదలుపెట్టిన బెట్‌ఫెయిర్‌తో ఈ పద్ధతికి పేరొచ్చింది.

మన ఆంధ్రాలో 2020 సవరణతో ఆన్‌లైన్ పందేలు నిషేధం. 2025లో కేంద్రం చట్టం కూడా వచ్చింది. కాబట్టి ఇది ఆడటానికి కాదు. మా మేనల్లుడు ఫోను చూపించి "మావయ్యా, ఈ రెండు రంగులేంటి?" అంటే చిత్తుకాగితం మీద వేసి చూపించిన లెక్క.

నీలం గడి బ్యాక్, అంటే గెలుస్తుందని కాయడం. రేటు 1.80 అంటే రూపాయికి అసలుతో కలిపి రూపాయి ఎనభై పైసలు వస్తుంది. మన బుకీలు "ఎనభై పైసలు" అనేది దీన్నే. రేటు కింద ఉండే చిన్న అంకె, ఆ రేటుకు ఎదుటివాళ్లు సిద్ధంగా పెట్టిన డబ్బు. అక్కడ రెండు వేలే ఉంటే మీ పదివేలలో రెండు వేలకే పందెం కుదురుతుంది, మిగతాది ఎవరైనా వచ్చేదాకా వేచి ఉంటుంది. ఎవరూ రాకపోతే ఆ మేరకు పందెమే లేనట్టు.

గులాబీ గడి లే, అంటే గెలవదని కాయడం. మనవాళ్లు బోర్లా పడేది ఇక్కడే. ఓ జట్టు మీద రేటు 6.0 ఉంది, వెయ్యికి లే చేశారనుకోండి. ఆ జట్టు గెలవకపోతే మీకొచ్చేది వెయ్యి. గెలిస్తే పోయేది వెయ్యి కాదు, అయిదు వేలు. రేటులోంచి ఒకటి తీసేసి పందెంతో హెచ్చించాలి. ఆ అయిదు వేలూ మీ ఖాతాలో ముందే బిగించేస్తారు.

ఆ బిగింపు తప్పితే ఏమవుతుందో 2011 డిసెంబరులో ఐర్లాండ్‌లోని లెపర్డ్స్‌టౌన్ రేసులో తెలిసింది. వోలేర్ లా వెడెట్ అనే గుర్రం గెలవబోతుంటే, దాని మీద 29 రేటుకు రెండు కోట్ల పౌండ్లకు పైగా లే తెరమీదికొచ్చింది. ఎవరిదో ఆటోమేటిక్ ప్రోగ్రాము గాడి తప్పింది, కంపెనీ సాఫ్ట్‌వేరు దాన్ని ఆపలేదు. మొత్తం కుదిరి ఉంటే చెల్లించాల్సింది దాదాపు 60 కోట్ల పౌండ్లు! బెట్‌ఫెయిర్ ఆ పందేలు రద్దు చేసింది.

మ్యాచ్ మధ్యలో బయటపడటం ఇంకో లెక్క. 2.50 రేటుకు వెయ్యి బ్యాక్ చేశాక రేటు 2.00కి దిగింది. అప్పుడు 1,250 లే చేస్తే ఎవరు గెలిచినా 250 మిగులుతుంది. నికరంగా గెలిచిన దాని మీదే కంపెనీకి కమీషన్. 5 శాతం అయితే పన్నెండున్నర పోయి 237.50. రేటు పైకి పోతే ఇదే లెక్క నష్టంలో తేలుతుంది, అది ఎవరూ చెప్పరు. పైగా అరండల్‌పేటలో టీ కొట్టు టీవీలో వికెట్ పడి అందరూ కేకేసేటప్పటికి మీ ఫోన్లో బౌలర్ ఇంకా పరుగెత్తుతుంటాడు. స్టేడియంలో కూర్చున్నవాడికి ఆ టీవీ కూడా ఆలస్యమే. అంటే మీరు చూసేలోపే, ముందు చూసినవాళ్లు రేటు మార్చేసి ఉంటారు.

ఇక వాట్సాప్‌లో "ఐడీ", అంటే పందెం సైటులోకి వెళ్లే లాగిన్, ఇచ్చేవాళ్ల సంగతి. వాళ్ల తెర కూడా అచ్చం నీలం, గులాబీయే. కానీ డబ్బు ఏజెంటు చేతికిస్తే అతను పాయింట్లు వేస్తాడు, గెలిస్తే ఇవ్వాల్సిందీ అతనే. ఎదుట నిజంగా ఇంకో మనిషి ఉన్నాడో లేడో తేల్చుకునే దారి మీకు లేదు.

"ఇవ్వకపోతే ఎవర్ని అడుగుతావురా?" అన్నాను మేనల్లుణ్ణి.

"స్టేషన్‌కి పోతా."

పోతే ఆడినవాడిగా ముందు నీ పేరే రాసుకుంటార్రా అన్నాను.