సూక్ష్మజీవుల నూనె, 4వ పాఠం: మాలిక్ ఎంజైమ్ లెక్క

నత్రజని అయిపోయాక కణంలో సిట్రేట్ ఎలా పేరుకుంటుందో, ఏటీపీ సిట్రేట్ లయేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొట్టి ఎసిటైల్ కోఏ అనే రెండు కార్బన్ల ముక్కని ఎలా ఇస్తుందో పోయిన పాఠంలో చూశాం. అంటే కార్బన్ దొరికింది. కానీ కొవ్వు ఆమ్లం కట్టాలంటే ఎలక్ట్రాన్లు కూడా కావాలి, వాటిని తెచ్చేది ఎన్‌ఏడీపీహెచ్. ఈసారి నేర్చుకునేది దాని లెక్క కట్టడమే. పెన్ను, కాగితం పక్కన పెట్టుకోండి, ఊరికే చదివేస్తే ఇది రాదు.

పామిటిక్ ఆమ్లంలో 16 కార్బన్లు. ఎసిటైల్ కోఏలు 8 కావాలి, గొలుసు పెరిగే చుట్లు 7, చుట్టుకి 2 చొప్పున ఎన్‌ఏడీపీహెచ్ 14.

ఈ 14 ఎక్కడి నుంచి వస్తాయి? మాలిక్ ఎంజైమ్ 4 కార్బన్ల మాలేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ తీసేసి 3 కార్బన్ల పైరువేట్ చేస్తుంది, ఆ పనిలోనే ఒక ఎన్‌ఏడీపీహెచ్ పుడుతుంది. ఆ పైరువేట్‌ని పైరువేట్ కార్బాక్సిలేజ్ ఒక ఏటీపీ (కణం శక్తికి వాడే నాణెం) ఖర్చుపెట్టి, ఒక కార్బన్‌ని తిరిగి కలిపి ఆక్సలోఅసిటేట్‌గా మారుస్తుంది, మాలేట్ డీహైడ్రోజినేజ్ ఒక ఎన్‌ఏడీహెచ్‌ని (ఇదీ ఎలక్ట్రాన్లు మోసేదే) వాడుకుని దాన్ని మళ్లీ మాలేట్ చేస్తుంది. నాకు ఈ చక్రంలో బాగా నచ్చేది ఇదే, పోయిన కార్బన్ తిరిగి వచ్చేస్తుంది, మిగిలే ఖర్చు ఒక ఏటీపీ, ఒక ఎన్‌ఏడీహెచ్ మాత్రమే. మొత్తం ఈ దారినే వస్తే పామిటిక్ ఆమ్లానికి చక్రం 14 సార్లు తిరగాలి.

ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కాలిన్ రాట్లెడ్జ్ బృందం దీన్ని మ్యూకర్ సర్సినెల్లాయిడిస్ అనే బూజులో గట్టిగా పట్టుకుంది. నువ్వుల నూనెలో దొరికే సెసమాల్‌తో ఈ ఎంజైమ్‌ని ఆపితే కణంలో నూనె 24 శాతం నుంచి 2 శాతానికి పడిపోయింది. 2007లో దీని జన్యువుని ఎక్కువగా పనిచేయిస్తే నూనె రెండున్నర రెట్లయింది. ఇంకేం, అంతా దీని చేతిలోనే ఉంది అనిపిస్తుంది కదా, అక్కడే ఆగండి. 2013లో అదే బూజు మీద జరిగిన పని ఈ ఎంజైమ్ ఒక్కటే అడ్డంకి కాదని, వాడిన స్ట్రెయిన్ (ఆ బూజులో రకం) లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారు చేసుకోగలదా లేదా అన్నది కూడా నూనెని మారుస్తుందని చూపించింది. యారోవియా లిపోలిటికా ఈస్ట్‌లోనైతే ఈ ఎంజైమ్ మైటోకాండ్రియాలో ఉంటుంది, ఎన్‌ఏడీపీ కంటే ఎన్‌ఏడీనే ఎక్కువ ఇష్టపడుతుంది, అంటే ఎక్కువగా ఇచ్చేది ఎన్‌ఏడీహెచ్. కార్బన్ 13 అనే బరువైన కార్బన్‌తో జాడ తీస్తే దానికి ఎన్‌ఏడీపీహెచ్ ప్రధానంగా పెంటోజ్ ఫాస్ఫేట్ మార్గం (గ్లూకోజ్‌ని వాడే మరో దారి) నుంచే వస్తోందని 2015లో తేలింది.

అందుకే కొత్త జీవి చేతికొస్తే ముందు రెండు ప్రశ్నలు వేయండి: ఎంజైమ్ ఏ సహకారకాన్ని (ఎన్‌ఏడీనా, ఎన్‌ఏడీపీనా) వాడుతుంది, కణంలో ఎక్కడ ఉంటుంది? మొదటిదానికి ల్యాబ్‌లో రెండు క్యూవెట్లు (కాంతి కొలిచే చిన్న గొట్టాలు) చాలు, ఒకదాంట్లో ఎన్‌ఏడీ, రెండోదాంట్లో ఎన్‌ఏడీపీ, రెండింట్లోనూ కణాల రసం, మాలేట్, మాంగనీస్ లేదా మెగ్నీషియం వేసి 340 నానోమీటర్ల దగ్గర చూడాలి. ఎన్‌ఏడీహెచ్, ఎన్‌ఏడీపీహెచ్ రెండూ అక్కడే కాంతిని పీలుస్తాయి కాబట్టి ఏ గొట్టంలో ఏది వేశారో రాసుకోకపోతే రీడింగ్ వృథా. పోల్చి చూడటానికి మాలేట్ లేని క్యూవెట్ కూడా తప్పకుండా పెట్టండి. మొత్తం కణాన్ని నలగ్గొట్టిన రసంతో రెండో ప్రశ్నకి మాత్రం జవాబు రాదు, మైటోకాండ్రియాని విడిగా తీయాల్సిందే. అది 5వ పాఠంలో.

ఈలోపు 18 కార్బన్ల స్టియరిక్ ఆమ్లానికి లెక్క కట్టండి, 16 రావాలి.