చైనా గోడకాగితం చదవడం – 3వ పాఠం: అతుకు మీద వాలిన పిట్ట

పోయిన పాఠంలో పూలూ పిట్టలూ గుర్తుపట్టడం అయింది. ఈసారి కాగితం గోడకెలా ఎక్కిందో చూద్దాం. అది తెలియకపోతే అసలు బొమ్మేదో, పైన అంటించిందేదో తేలదు.

18వ శతాబ్దంలో చైనా రేవుపట్నం కాంటన్‌లో (ఇప్పటి గ్వాంగ్‌జౌ) చేత్తో చిత్రించి ఇంగ్లండుకు పంపిన ఈ కాగితం నిలువు పట్టీలుగా వచ్చేది. ఒక్కో పట్టీ దాదాపు మీటరు వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు. కింద రాళ్ళగుట్ట, అందులోంచి లేచిన మాను, నడుమ పియోనీలు (పెద్ద పూలు), ఫెజెంట్ పక్షులు. పైకి పోయేకొద్దీ సన్నకొమ్మలు, ఆపైన ఖాళీ. ఆ ఖాళీ ఎందుకంటే, గది ఎత్తు తక్కువైతే పైన కత్తిరించుకోవడానికి. (మచిలీపట్నం కలంకారీ దుప్పట్ల మీది చెట్టూ రాళ్ళగుట్ట మీంచే లేస్తుంది. అది చూసిన కంటికి ఇది త్వరగా అలవడుతుంది.)

సాధనకు ఇంగ్లండు యార్క్‌షైర్‌లోని నాస్టెల్ ప్రయరీ అనే పాత భవంతి పడకగది ఫొటో, వీలైనంత పెద్దది, తీసుకోండి. 1771లో ఫర్నిచర్ తయారీదారు తామస్ చిప్పెండేల్ వేయించిన కాగితమది, నేలరంగు (బొమ్మల వెనక రంగు) ఆకుపచ్చ. ఒక మాను ఎంచుకుని మొదలు నుంచి చిటారు చిగురుదాకా వేలితో వెళ్ళండి. దారిలో మీటరుకోసారి నేలరంగు పిసరంత మారిన నిలువు గీత కోసం వెతకండి, అదే అతుకు. కొమ్మ అక్కడ సాఫీగా అవతలికి సాగితే పట్టీలు వరసలో ఉన్నట్టు. ఠక్కున తెగితే మధ్యలో పట్టీ లేపేశారు, లేదా వరస మార్చారు.

అతుకు మీదే పిట్ట వాలి ఉంటే ఆగండి. చుట్టూ అంచు కత్తెరపడ్డట్టు గట్టిగా ఉందా? కాళ్ళు కొమ్మను పట్టుకున్నాయా, గాల్లో తేలుతున్నాయా? తేలుతుంటే అంటించిన ముక్కేనని అనుమానించండి. వెలుతురు పక్కనుంచి పడిన ఫొటో దొరికితే అంచుకింద సన్నటి నీడ కూడా పట్టుకోవచ్చు. కొత్తవాళ్ళు పొరబడేది ఇక్కడే: అంటించిన ప్రతిదీ తర్వాతి మరమ్మతే అనుకుంటారు. కాగితం వేసిన పనివాళ్ళే మిగిలిన ముక్కల్లోంచి పిట్టల్నీ కొమ్మల్నీ కత్తిరించి అతుకుల మీదా, బోసిగా ఉన్నచోటా అంటించేవారు.

రంగునీ గుడ్డిగా నమ్మొద్దు. మలకైటు పచ్చ, అజురైటు నీలం రాతిరంగులు, నిలుస్తాయి. మొక్కల నుంచి తీసిన గులాబీరంగు వెలుతురుకు వెలిసిపోతుంది. ఇవాళ తెల్లగా కనిపించే పియోనీ ఒకప్పుడు గులాబీదై ఉండొచ్చు.

అభ్యాసం: లీడ్స్ దగ్గరి టెంపుల్ న్యూసమ్ అనే భవంతిలో, చైనా కాగితం ఉన్న డ్రాయింగ్ రూమ్. 1820ల చివర్లో ఆ ఇంటి యజమానురాలు లేడీ హెర్ట్‌ఫర్డ్ ఆ కాగితం మీద అమెరికా పక్షుల చిత్రకారుడు ఆడుబాన్ పుస్తకం ‘బర్డ్స్ ఆఫ్ అమెరికా’ పుటల్లోంచి కత్తిరించిన పిట్టల్ని అంటించారు. చైనా పిట్ట కుంచెతో వేసింది, చదునుగా ఉంటుంది. ఆడుబాన్ పిట్ట అచ్చువేసి రంగులద్దింది, నీడల వల్ల ఒళ్ళు గుండ్రంగా తేలుతుంది. ఆడుబాన్ పిట్టల్ని ఏరి, ఒక్కోదాని పక్కన ఏ గుర్తుతో పట్టుకున్నారో రాసుకోండి.