జంట సీ-పర్లిన్ స్తంభం వంగుతోందా?

అమలాపురం నుంచి భీమవరం దాకా చెరువుగట్ల మీద రేకుల షెడ్డుకి ఇప్పుడు చాలామంది వాడుతున్నది జీఐ సీ-పర్లిన్లే (జింక్ పూత ఉన్న, సీ అక్షరంలా వంచిన ఉక్కు రేకు దూలాలు). రెండింటిని వీపులు ఆనించి బిగిస్తే స్తంభం రెడీ. అసలు తేడా వచ్చేది ఆ బిగింపులోనే.

స్తంభం పక్కకు వంగింది, రెండు సీల మధ్య సందులోంచి వెలుతురు కనిపిస్తోంది

స్క్రూలు దూరం దూరంగా పడ్డాయి. చివర్లలో అయితే అసలు పడి ఉండవు. స్తంభం వంగబోతే, పుస్తకం వంచినప్పుడు పేజీలు అంచుల్లో జారినట్టు, రెండు ముక్కలూ పైనా కిందా ఎక్కువ జారతాయి. వంపు కనబడేది మాత్రం నడుమ. దాంతో మనవాళ్లు నడుములోనే నాలుగు స్క్రూలు దిగ్గొట్టి ఊరుకుంటారు!

ముందు పక్కన సపోర్టు పెట్టి బరువు దించండి. సీ రేకు మడత పడి ఉంటే ఆ సీ మార్చాల్సిందే. తర్వాత చివర్లు చూడండి. అమెరికా ఉక్కు నిర్మాణ కోడ్ ఏఐఎస్ఐ ఎస్100 ప్రకారం, సెక్షన్ (సీ అడ్డుకోత) పెద్ద కొలతకు ఒకటిన్నర రెట్ల పొడవున, స్క్రూ వ్యాసానికి 4 రెట్లు మించని ఎడంలో స్క్రూలు ఉండాలి. 150 మి.మీ. సెక్షన్, 5.5 మి.మీ. స్క్రూ అయితే, రెండు చివర్లలోనూ 225 మి.మీ. మేర 22 మి.మీ.కి ఒకటి.

మధ్యలో, స్క్రూకీ స్క్రూకీ నడుమ ఒక్క సీ స్లెండర్‌నెస్ (పొడవుకీ సన్నదనానికీ ఉన్న నిష్పత్తి) మొత్తం స్తంభానిదానిలో సగం దాటకూడదు. మొత్తానిది 120 అయితే ముక్కది 60. ఆ హద్దులోనే ఉన్నా లెక్కకు 134 (120, 60ల వర్గాల మొత్తానికి వర్గమూలం) తీసుకోవాలి. పొడుగాటి స్తంభానికి అది బక్లింగ్ బలంలో (నొక్కుడుకి పక్కకు వంగకుండా ఆగే శక్తిలో) ఐదో వంతు కోత. ఎడం సగానికి తగ్గిస్తే కోత ఆరు శాతమే. నాలుగు స్క్రూల ఖర్చుకి ఇంతకంటే మంచి బేరం లేదు.

సీ అంచు రేకు అలలుగా ముడతలు పడింది

రేకు పల్చన. దీనికి ఎన్ని స్క్రూలు వేసినా దండగ. మందం పెంచాలి.

తుఫాను తర్వాత పైకప్పు బాగానే ఉంది, పర్లిన్ కింది అంచు మెలితిరిగింది

గాలి రేకుని పైకి లాగినప్పుడు కింది అంచు నొక్కుడుకి గురవుతుంది. పై అంచుని రేకు పట్టుకుంటుంది, కిందిదాన్ని పట్టేదేదీ లేదు. కింది అంచు దగ్గర పర్లిన్‌కీ పర్లిన్‌కీ అడ్డ బ్రేసింగ్ వేయండి.

వెల్డింగ్ దగ్గరే తుప్పు

వేడికి జింక్ పూత కాలిపోతుంది, ఉప్పుగాలి మిగతా పని చూసుకుంటుంది. తుప్పు గీకి, జింక్ ఎక్కువున్న ప్రైమర్ రెండు కోట్లు వేయండి. రేకు పల్చబడి ఉంటే మాత్రం రంగుతో కప్పేయకుండా పక్కన కొత్త ముక్క వేసి స్క్రూలతో బిగించండి.