పశ్చిమాఫ్రికా సినిమాల్ని కథ విన్నట్టు చూడడం ఎలా?

ఆఫ్రికా సినిమా చూద్దామని మొదలుపెట్టి అరగంటకే ఆపేసేవాళ్లు చాలామంది. "కథ ముందుకు పోవట్లేదు", "మనిషి అలా నడుస్తూనే ఉన్నాడు" అంటారు. సెనెగల్, మాలి, బుర్కినా ఫాసో దేశాల గొప్ప సినిమాలు కొన్ని నోటితో చెప్పే కథల పద్ధతిలో తీసినవి. చెప్పేవాడు ఎక్కడ ఆగుతాడో, దేన్ని మళ్లీ మళ్లీ చెబుతాడో, ఏది చెప్పకుండా దాటేస్తాడో, ఆ లెక్కలోనే అవి నడుస్తాయి. ఆ నడకకు చెవి అలవాటు పడాలంటే ఏ సినిమాతో మొదలుపెట్టాలో, దేన్ని గమనించాలో చెబుతాను.

ముందు గ్రియో ఎవరో తెలుసుకోండి

పశ్చిమాఫ్రికాలో వంశచరిత్రలు, వీరగాథలు, పొగడ్తలు నోటితో చెప్పడమే వృత్తిగా బతికిన కుటుంబాలున్నాయి. ఫ్రెంచి ప్రభావం ఉన్న దేశాల్లో వాళ్లను గ్రియోలు అంటారు. మాలి చుట్టుపక్కల ఉండే మాండే జనం జెలి అంటారు, సెనెగల్‌లో వోలోఫ్ మాట్లాడేవాళ్లు గెవెల్ అంటారు. ఇది పుట్టుకతో వచ్చే పని. ఉదాహరణకు కుయాతే ఇంటివాళ్లు తరతరాలుగా కేయితా రాజవంశానికి గ్రియోలు. చేతిలో 21 తీగల కోరా ఉంటుంది, లేదా ముందు బలాఫోన్ (చెక్క పలకల మీద కొట్టి వాయించే వాద్యం) ఉంటుంది. కథ చెప్పడంతో వాళ్ల పని అయిపోదు. రాజుకు సలహా చెప్పాలి, రెండు ఇళ్ల మధ్య గొడవ వస్తే సర్దాలి, ఎవరి పూర్వీకులు ఎవరో గుర్తుపెట్టుకోవాలి.

ఇంకొకటి కూడా తెలిసి ఉండాలి. మాండే ప్రాంతంలో జెలి కథ చెబుతుంటే పక్కన ఒక మనిషి ఉండి, వాక్యం వాక్యానికీ "నాము" అంటుంటాడు. మన బుర్రకథలో వంతలు లేకుండా కథకుడు ఎలా నడవలేడో అక్కడా అంతే. వినేవాడు కథలో భాగం. ఈ సినిమాల్లో దర్శకుడు కొన్ని చోట్ల కావాలనే ఖాళీ వదిలేస్తాడు. ఆ ఖాళీ మనకోసమే.

ఇరవై నిమిషాల సినిమాతో మొదలుపెట్టండి

సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబెన్ 1963లో తీసిన 'బోరమ్ సరే' నిడివి ఇరవై నిమిషాలే. ఫ్రెంచి పాలనలో, 1934 నాటి ఒక ప్రభుత్వ ఉత్తర్వు వల్ల, ఆఫ్రికన్లు తమ గడ్డ మీద తాము సినిమా తీయాలన్నా అధికారుల అనుమతి కావాల్సి వచ్చేది. స్వతంత్రం వచ్చాకే దారి తెరుచుకుంది. సెంబెన్ అప్పటికే పేరున్న నవలాకారుడు. తన ఫ్రెంచి నవలలు తన జనంలో చాలామంది చదవలేరని గ్రహించి, నలభై ఏళ్లకు దగ్గరపడ్డ వయసులో మాస్కో వెళ్లి సినిమా నేర్చుకొచ్చాడు. సినిమాను రాత్రి బడి అనేవాడు.

కథ చిన్నది. డకార్‌లో గుర్రబ్బండి తోలుకునే ఒక పేదవాడి ఒక రోజు. మధ్యలో ఒక గ్రియో ఎదురై అతని పూర్వీకుల గొప్పతనాన్ని గొంతెత్తి పాడతాడు. బండివాడు పొంగిపోయి, పొద్దుటి నుంచి సంపాదించిందంతా అతని చేతిలో పెట్టేస్తాడు. ఈ సన్నివేశాన్ని రెండుసార్లు చూడండి. సెంబెన్ తనను తాను ఈ కాలపు గ్రియో అనుకున్నవాడు. అయినా డబ్బుకోసం పొగిడే గ్రియోను ఎంత కఠినంగా చూపించాడో గమనించండి. మౌఖిక సంప్రదాయం మీద కట్టిన సినిమా అంటే ఆ సంప్రదాయానికి హారతి పట్టే సినిమా అనుకుంటే ఇక్కడే పొరపాటు పడతాం. ఈ దర్శకుల్లో గొప్పవాళ్లు దాన్ని ప్రేమించారు, నిలదీశారు కూడా. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది ఈ కారణంగానే.

రెండోది ఇంటిల్లిపాదీ చూడండి

1995లో బుర్కినా ఫాసో దర్శకుడు దానీ కుయాతే తీసిన 'కేయితా' పిల్లలతో కలిసి చూడదగ్గది. నగరంలో చదువుకునే మాబో కేయితా అనే పిల్లవాడి ఇంటికి పల్లె నుంచి ఒక ముసలి గ్రియో వస్తాడు. నీ పేరు వెనక కథేంటో చెబుతానంటాడు. అది 13వ శతాబ్దంలో మాలి సామ్రాజ్యాన్ని స్థాపించిన సున్‌జాతా కేయితా కథ. నడవలేని పిల్లవాడు లేచి నిలబడి రాజయ్యే కథ. వింటూ వింటూ మాబో బడి మీద ధ్యాస వదిలేస్తాడు. మాస్టారికి కోపం, అమ్మకు టెన్షన్. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. దర్శకుడు ఎవరినీ విలన్ చేయలేదు.

ఆ ముసలి గ్రియోగా నటించింది దర్శకుడి తండ్రి సొతిగి కుయాతే. పైన చెప్పిన కుయాతేల వంశమే, అంటే తెర మీద కథ చెబుతున్నది నిజంగా గ్రియో ఇంటి మనిషి. బ్రిటిష్ దర్శకుడు పీటర్ బ్రూక్ వేసిన మహాభారతం నాటకంలో భీష్ముడు కూడా ఈయనే. ఆ నాటకాన్ని 1989లో సినిమాగా కూడా తీశారు. వీలైతే రెండూ చూసి, మాట మధ్యలో ఆయన ఆగే తీరును పోల్చి చూడండి.

ఒక హెచ్చరిక: సున్‌జాతా కథ ఈ సినిమాలో పూర్తి కాదు. రాజవడం దాకా వెళ్లకుండా, అతను దేశం విడిచిపోయే దగ్గరే ఆగిపోతుంది. "మిగతాది ఏమైంది?" అని పిల్లలు అడుగుతారు. వెంటనే ఫోన్ తీసి వెతికి చెప్పకండి. ఒకరోజు ఆగి, వాళ్లనే ఊహించి చెప్పమనండి.

నిదానంగా నడిచే సినిమాలకు సమయం ఇవ్వండి

ఇప్పుడు బుర్కినా ఫాసో దర్శకుడు గాస్తోం కబోరే 1982 నాటి 'వెండ్ కూని'. గంటింపావు సినిమా. తెల్లవాళ్లు రాకముందు, ఇప్పటి బుర్కినా ఫాసోలో ఉండిన మోసీ జనం రాజ్యంలో, పొదల్లో స్పృహ తప్పి పడి ఉన్న ఒక పిల్లవాడు దొరుకుతాడు. నోట మాట రాదు. ఒక కుటుంబం పెంచుకుంటుంది. చాలాసేపు మనం చూసేది పశువులు కాయడం, సంతకు పోవడం, ఇంటి పనులు. మధ్యమధ్యలో కథకుడి గొంతు వినిపిస్తుంది.

చూస్తున్నంతసేపూ ఒక ప్రశ్న మనసులో పెట్టుకోండి: ఈ ఊళ్లో మాట్లాడే హక్కు ఎవరికి ఉంది? భర్తను పోగొట్టుకున్న స్త్రీ మాట ఎవరైనా వింటారా? మామూలు జానపద కథలో చివరికి ఊరు చల్లగా ఉంటుంది, తప్పు చేసినవాడికి శిక్ష పడుతుంది. ఇక్కడ పిల్లవాడికి మాట వచ్చాక బయటపడేది ఊరివాళ్లు చేసిన అన్యాయం. పాత కథ రూపాన్ని వాడుకుంటూనే కబోరే అది మోసుకొచ్చిన తీర్పును తిరగేశాడు. ఆ తీర్పు ఎంత బలమైనదో తెలియాలంటే ముందు ఆ నిదానాన్ని ఓపిగ్గా చూడాల్సిందే. 1.5 స్పీడులో చూస్తే సినిమా చేతికి అందదు.

అర్థం కాని చోట ఆపకండి

మాలి దర్శకుడు సులేమాన్ సిసే 'యీలెన్' 1987లో కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి అందుకుంది. మాలిలో మాట్లాడే బంబారా భాషలో తీశారు. మంత్రశక్తులున్న తండ్రి కొడుకును చంపాలని వెంటపడతాడు. ఆ శక్తులన్నీ కోమో అనే రహస్య సంఘానివి. మొదట్లో తెర మీద కొద్ది వివరణ వస్తుంది, అది తప్పకుండా చదవండి. ఆ తర్వాత పాజ్ బటన్ జోలికి వెళ్లొద్దు. కోమో పూజలో పాడేది అంతా మనకు అందదు, అందాల్సిన పని కూడా లేదు. అది దీక్ష తీసుకున్నవాళ్ల జ్ఞానం. సందేహాలుంటే కాగితం మీద రాసుకుని సినిమా అయ్యాక చదువుకోండి.

భాష విషయంలో జాగ్రత్త

నోటి కథకు ప్రాణం గొంతు. అందుకే డబ్బింగ్ వద్దు. 'బోరమ్ సరే'లో బండివాడి ఆలోచనలు ఫ్రెంచిలోనే వినిపిస్తాయి, అప్పటి పరిస్థితి అది. సెంబెన్ 1968లో 'మందాబి'ని వోలోఫ్‌లో తీశాడు. దానికి ఫ్రెంచి వెర్షన్ కూడా ఉంది కాబట్టి చూసి వోలోఫ్ దాన్నే ఎంచుకోండి. సామెతలు వచ్చినప్పుడు సబ్‌టైటిల్ త్వరగా వెళ్లిపోతుంది, ఒక్కసారి వెనక్కి తిప్పి చదవండి. చాలాసార్లు సన్నివేశం మొత్తం ఆ సామెత మీదే నిలబడి ఉంటుంది.

చివరిది నలుగురితో చూడండి

ఫిలిప్ లకోత్ 2020లో తీసిన 'నైట్ ఆఫ్ ద కింగ్స్' ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ జైల్లో జరుగుతుంది. ఎర్ర చంద్రుడు వచ్చిన రాత్రి కొత్త ఖైదీ ఒకడు తెల్లవారేదాకా కథ చెబుతూనే ఉండాలి. ఆపితే ప్రాణం పోతుంది. చుట్టూ ఉన్న ఖైదీలు వింటూ ఊరుకోరు, పాడతారు, ఆడతారు, కథలోని పాత్రలైపోతారు. "నాము" అనే మనిషి ఇక్కడ ఒక గుంపుగా మారాడన్నమాట. ఇందులో హింస ఉంది, కాబట్టి పిల్లల్ని పడుకోబెట్టాక పెట్టుకోండి.

ప్రతి సినిమా చూసిన మర్నాడు, దాన్ని చూడనివాళ్లకు నోటితో చెప్పండి. రివ్యూలా కాదు, కథలా. ఏ ఘట్టాలు మీకు వాటంతట అవే గుర్తొచ్చాయో, ఏవి జారిపోయాయో అప్పుడు తెలుస్తుంది. రెండోసారి చూసేటప్పుడు ఆ జారిపోయిన చోట్ల మీదే దృష్టి పెట్టండి.

ఈ సినిమాలు అన్నీ ఒకే చోట దొరకవు. సెంబెన్ సినిమాలు కొన్ని రెస్టోర్ అయి బ్లూరేల్లో వచ్చాయి. ఫ్రెంచి సాంస్కృతిక సంస్థ దగ్గర సినెమాతెక్ ఆఫ్రిక్ అనే భండారం ఉంది, కాబట్టి హైదరాబాద్‌లో ఉండేవాళ్లు అలియాన్స్ ఫ్రాంసేజ్‌లో ఒకసారి అడిగి చూడండి. ఆ తర్వాత ఏం చూడాలో తేల్చుకోవడానికి బుర్కినా ఫాసో రాజధాని వాగడూగులో 1969 నుంచి జరుగుతున్న ఫెస్పాకో సినిమా ఉత్సవం విజేతల జాబితా పనికొస్తుంది. అక్కడి పెద్ద బహుమతి యెన్నెంగా గుర్రం. మోసీ గాథల్లోని యువరాణి పేరు మీద ఇస్తారు. 1997లో దాన్ని గెలిచిన 'బూద్ యమ్' మన 'వెండ్ కూని' పిల్లవాడి తర్వాతి కథే. పెద్దవాడై, జబ్బుపడ్డ చెల్లెలికి మందు వెతుక్కుంటూ గుర్రమెక్కి బయల్దేరతాడు.